నేల కావాలి, జనం వద్దు

'అమెరికన్ సామ్రాజ్యవాదం నశించాలి' అని రాసిన గోడల మీదే జీఆర్‌ఈ కోచింగ్ పోస్టర్లు అతికించుకున్న ఊళ్లు మనవి. ఈ విషయంలో మనకు కోపానికీ కొరత లేదు, మోజుకీ కొరత లేదు. రెండిటి మధ్యా చదవాల్సిన చరిత్ర మాత్రం పల్చగా ఉండిపోయింది. అమెరికాది సామ్రాజ్యమేనా అని అడిగితే మన దగ్గర చాలామంది ఆ ప్రశ్నే అనవసరం అంటారు. అదే ప్రశ్న అమెరికాలో అడిగితే, రాజు మీద తిరగబడి పుట్టిన దేశానికి సామ్రాజ్యమేమిటని నొచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇద్దరి జవాబూ ఒక సంగతిని దాటవేస్తుంది. ఈ సామ్రాజ్యం బ్రిటన్ సామ్రాజ్యంలా ఎందుకు పెరగలేదు? సగం ప్రపంచాన్ని నేరుగా ఏలగల బలం చేతికొచ్చిన 1946లోనే తన అతి పెద్ద వలస రాజ్యాన్ని ఎందుకు వదులుకుంది?

పండితులు చెప్పిన జవాబులు చాలానే ఉన్నాయి. 1902లో హాబ్సన్, ఆ తరువాత లెనిన్, మిగులు పెట్టుబడి దేశం బయట దారి వెతుక్కుంటుందన్నారు. విలియం ఆపిల్‌మన్ విలియమ్స్ 1959లో అచ్చేసిన 'ద ట్రాజెడీ ఆఫ్ అమెరికన్ డిప్లొమసీ'లో అమెరికా అసలు తపనంతా తలుపులు తెరిచిన మార్కెట్ల కోసమేనన్నాడు. నార్వే చరిత్రకారుడు గేర్ లుండెస్టాడ్ 1986లో ఇంకో మాట చెప్పాడు: రెండో ప్రపంచ యుద్ధం తరువాత పశ్చిమ యూరప్‌లోకి అమెరికా చొరబడలేదు, యూరోపియన్లే పిలుచుకున్నారని. నియాల్ ఫెర్గూసన్‌ది మరో ధోరణి. ఇది సామ్రాజ్యమే, కాకపోతే ఒప్పుకోదు, ఒప్పుకుని శ్రద్ధగా ఏలితే లోకానికి మేలు జరిగేది అని ఆయన బాధ. ఏలుబడి రుచి చూసినవాళ్లం కాబట్టి ఆ బాధను మనం పంచుకోలేం. ఇక 2019లో డేనియల్ ఇమ్మర్‌వార్ అమెరికా పటంలో కనిపించని దీవులూ స్థావరాలూ లెక్కగట్టి బయటపెట్టాడు. నా మటుకు విలియమ్స్‌నీ ఇమ్మర్‌వార్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే కథ అర్థమైంది. అమెరికా మొదటినుంచీ నేల కోరింది, రేవు కోరింది, సరుకు కోరింది. ఆ నేల మీద అప్పటికే ఉన్న మనుషుల్ని తన పౌరులుగా కోరుకోలేదు. ఆ అయిష్టమే దాని సామ్రాజ్యానికి ఇప్పుడున్న ఆకారం ఇచ్చింది.

ఖండం లోపలి విస్తరణలోనే ఇది కనబడుతుంది. 1803లో నెపోలియన్ దగ్గర లూసియానాను 1.5 కోట్ల డాలర్లకు కొన్నారు. అక్కడ తరతరాలుగా ఉన్న తెగలను ఎవరూ అడగలేదు. 1830లో చట్టం చేసి తూర్పున ఉన్న ఆదివాసుల్ని మిసిసిపీ నది అవతలికి తోలేశారు. 1846-48లో మెక్సికోను ఓడించాక దేశం మొత్తాన్ని కలిపేసుకుందామన్న వాదన గట్టిగానే వచ్చింది. దాన్ని కాదన్నవాళ్లలో ముందున్నది బానిసత్వాన్ని నెత్తిన పెట్టుకున్న సెనేటర్ జాన్ కాల్హూన్. మనది తెల్లజాతి ప్రభుత్వం, అందులోకి మెక్సికన్లను ఎలా తెస్తామన్నది ఆయన అభ్యంతరం. చివరికి జనం పల్చగా ఉన్న ఉత్తర భాగం తీసుకుని, కిక్కిరిసిన దక్షిణాన్ని వదిలేశారు. టెక్సాస్‌తో కలిపి చూస్తే మెక్సికో సగం నేల పోయింది. 1870లో అధ్యక్షుడు గ్రాంట్ శాంటో డొమింగోను కలుపుకుందామంటే సెనేట్‌లో ఓట్లు 28-28 అయి ఒప్పందం వీగిపోయింది. ఇలాంటి తకరారులు లేని చోట్లు కూడా దొరికాయి. 1856 నాటి ఒక చట్టం ప్రకారం పక్షి రెట్ట పేరుకున్న దీవి ఏదైనా, దాని మీద మనుషులుగానీ వేరే ప్రభుత్వంగానీ లేకపోతే, అమెరికన్ పౌరుడు వెళ్లి దాన్ని తమ దేశం పేర రాయించుకోవచ్చు. రెట్ట అప్పట్లో గొప్ప ఎరువు. అది అయిపోయాక దీవిని అట్టేపెట్టుకోవాల్సిన పని కూడా లేదని ఆ చట్టంలోనే ఉంది. అమెరికా సముద్రాంతర విస్తరణకు తొలి పత్రం ఇదేనంటే నవ్వు రావచ్చు గానీ, ఆ పద్ధతి మొత్తం అందులో ఉంది.

1890ల దాకా వస్తే పరిశ్రమలు పెరిగాయి, 1893లో మార్కెట్ కుప్పకూలింది, సముద్రబలమే రాజ్యబలమని ఆల్ఫ్రెడ్ మహాన్ రాసిన పుస్తకం నౌకాదళాల అలమరల్లోకి చేరింది. హవాయిలో చెరకు తోటల యజమానులకు 1890 నాటి సుంకాల చట్టం దెబ్బ కొట్టింది. అన్ని దేశాల పంచదార మీదా సుంకం ఎత్తేసి, స్వదేశీ రైతుకు మాత్రం ప్రోత్సాహకం ఇస్తానంది ఆ చట్టం. స్వదేశంలో భాగమైపోవడమే వాళ్లకు తోచిన మందు. 1893 జనవరిలో బోస్టన్ అనే యుద్ధనౌక నుంచి దిగిన సైనికుల అండ చూసుకుని రాణి లిలియుఒకలానీని దించేశారు. 1898లో విలీనం అయిపోయింది. నూరేళ్లకు, 1993లో, అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది. నేల తిరిగివ్వడం ఆ తీర్మానంలో లేదు.

అదే 1898 అసలు మలుపు. ఫిబ్రవరి 15న హవానా రేవులో మెయిన్ అనే నౌక పేలి 260 మందికి పైగా చనిపోయారు. పత్రికలు రెచ్చగొట్టాయి, ఏప్రిల్‌లో స్పెయిన్‌తో యుద్ధం మొదలైంది, ఆగస్టుకల్లా అయిపోయింది. డిసెంబరు 10న పారిస్‌లో సంతకాలు పెట్టి ప్యూర్టో రికో, గ్వామ్ తీసుకున్నారు. ఫిలిప్పీన్స్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించారు. అప్పటికి ఆరు నెలల ముందే, జూన్ 12న, ఎమీలియో అగినాల్డో ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యం ప్రకటించి ఉన్నాడు. వాళ్ల దూత ఫెలీపె అగొన్సిల్లో పారిస్ వెళ్తే చర్చల గదిలోకి రానివ్వలేదు. అమ్మిందొకరు, కొన్నది మరొకరు, బేరం మాత్రం అక్కడి మనుషుల మీద.

1899 ఫిబ్రవరిలో మనీలా దగ్గర మొదలైన యుద్ధం అధికారికంగా మూడేళ్లు సాగింది. అమెరికన్లు 4,200 మంది పోయారు. ఫిలిపినో యోధులు 20 వేల మంది, యుద్ధం తెచ్చిన కరువుతో కలరాతో పోయిన మామూలు జనం 2 లక్షల దాకా ఉంటారని అంచనా. సమర్ దీవిలో బలంగిగ అనే ఊరివాళ్లు 1901 సెప్టెంబరులో అమెరికన్ దండు మీద పడి 40 మందికి పైగా చంపారు. దానికి బదులుగా జనరల్ జేకబ్ స్మిత్ పదేళ్లు దాటిన ప్రతివాణ్ణీ చంపమని, దీవిని అడవి చేసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. సైనిక కోర్టు ఆయనకు వేసిన శిక్ష మందలింపు, ఆ పైన పదవీ విరమణ. చర్చి గంటల్ని సైనికులు గెలుపు గుర్తుగా పట్టుకుపోయారు. అవి మళ్లీ బలంగిగ చేరింది 2018 డిసెంబరులో. మార్క్ ట్వేన్ ఈ యుద్ధాన్ని దుమ్మెత్తిపోశాడు. ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ ఫిలిప్పీన్స్‌ను విడిపించడానికి ఆ 2 కోట్ల డాలర్లూ తానే ఇస్తానన్నాడు. అయితే ఆ వ్యతిరేక శిబిరాన్ని మరీ ఆకాశానికెత్తనక్కర లేదు. అందులో బెన్ టిల్మన్ లాంటి నల్లజాతి ద్వేషులూ ఉన్నారు. వాళ్ల దుగ్ధ ఫిలిపినోల స్వేచ్ఛ కోసం కాదు, ఆ రంగు మనుషులు తమ దేశంలో కలుస్తారేమోనని.

మరి తీసుకున్న దీవుల్లోని జనం ఎవరు? ఈ చిక్కు ఒక నారింజల బుట్ట దగ్గర తెగింది. 1900 నవంబరులో డౌన్స్ అనే వ్యాపార సంస్థ ప్యూర్టో రికో నుంచి న్యూయార్క్ రేవుకు నారింజలు తెప్పిస్తే కస్టమ్స్ వాళ్లు 659 డాలర్ల 35 సెంట్ల సుంకం వసూలు చేశారు. ప్యూర్టో రికో అమెరికాదే అయితే సొంత దేశంలో సరుకు కదిలినందుకు సుంకమేమిటని సంస్థ కోర్టుకెక్కింది. 1901 మేలో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పు చెప్పింది. ఆ దీవి అమెరికాకు చెందింది, కానీ అమెరికాలో భాగం కాదు, కాబట్టి సుంకం సరైనదే. రాజ్యాంగం జెండాతోపాటే వెళ్లనక్కర లేదని తేలిపోయింది. ఇలాంటి తీర్పుల మీదే సామ్రాజ్యం నిలబడింది, ఇప్పటికీ వాటిని కొట్టివేయలేదు. ప్యూర్టో రికో వాళ్లకు 1917లో పౌరసత్వం వచ్చింది. కానీ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటు వేయలేరు, విమానమెక్కి ఫ్లోరిడాలో కాపురం పెడితే వేయవచ్చు. న్యూయార్క్‌లో ఉండగా వికలాంగుల భృతి అందుకున్న ఒకాయన సొంత దీవికి వెళ్లిపోయాక కూడా ఆ డబ్బు తీసుకున్నాడని ప్రభుత్వం 28 వేల డాలర్లు వెనక్కి కట్టమంది. 2022లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో, దీవివాసులకు ఆ భృతి నిరాకరించడం తప్పు కాదంది. పాత తీర్పుల్ని ఇకనైనా పాతరేయాలని జస్టిస్ గోర్సచ్ విడిగా రాశాడు. రాసి, తీర్పుతో ఏకీభవించాడు.

ఫిలిప్పీన్స్ నేర్పిన పాఠం వాషింగ్టన్ త్వరగానే ఒంటబట్టించుకుంది. ఊరు మొత్తం కొనే బదులు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చాలు. క్యూబాను కలుపుకోబోమని యుద్ధానికి ముందు మాటిచ్చారు కాబట్టి కలుపుకోలేదు. 1901లో ప్లాట్ సవరణను క్యూబా రాజ్యాంగంలోకి ఎక్కించి, అవసరమనిపిస్తే సైన్యం దింపే హక్కు రాయించుకున్నారు. గ్వాంటనామో రేవును 1903లో లీజుకు తీసుకున్నారు. ఇద్దరూ ఒప్పుకుంటేనో, అమెరికా తనంతట ఖాళీ చేస్తేనో తప్ప ఆ లీజు తీరదు. ఏటా వచ్చే 4,085 డాలర్ల అద్దె చెక్కును విప్లవ ప్రభుత్వం 1959లో ఒక్కసారి మార్చుకుంది, తరువాతివి ముట్టలేదు. ఓనరు అద్దె వద్దంటున్నా ఖాళీ చేయని కిరాయిదారు! డొమినికన్ రిపబ్లిక్‌లో 1905 నుంచి కస్టమ్స్ వసూళ్లే అమెరికన్ అధికారుల చేతికెళ్లాయి. నూటికి 45 ఆ దేశ ప్రభుత్వానికి, 55 విదేశీ అప్పులవాళ్లకు. ఆ ఏర్పాటు 1940 దాకా పూర్తిగా పోలేదు. 1914 డిసెంబరులో మచాయస్ అనే గన్‌బోటు నుంచి దిగిన మెరైన్లు హైతీ జాతీయ బ్యాంకులోని 5 లక్షల డాలర్ల బంగారం పట్టుకెళ్లి న్యూయార్క్‌లో నేషనల్ సిటీ బ్యాంకు ఖజానాలో పెట్టారు. మరుసటి ఏడు దిగిన సైన్యం 1934 దాకా కదల్లేదు. ఇలాంటి దండయాత్రల్లో జీవితం గడిపిన మెరైన్ జనరల్ స్మెడ్లీ బట్లర్ రిటైరయ్యాక, తాను వాల్ స్ట్రీట్ తరఫున కండబలం చూపించానని బాహాటంగా చెప్పుకున్నాడు.

ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం ఇస్తామన్న 1934 చట్టాన్ని మన పుస్తకాలు ఔదార్యంగా రాస్తాయి. ఆ చట్టం కోసం పట్టుబట్టినవాళ్లలో అమెరికా చక్కెర బీట్ రైతులు, వెన్న ఉత్పత్తిదారులు ఉన్నారు. ఫిలిప్పీన్స్ పంచదార, కొబ్బరినూనె సుంకం లేకుండా వచ్చిపడుతున్నాయని వాళ్ల మొర. కాలిఫోర్నియా పొలాల్లో ఫిలిపినో కూలీలు పెరిగారని మరికొందరి గోల. చట్టం అన్ని నోళ్లూ మూయించింది. పదేళ్ల తరువాత స్వాతంత్ర్యం, ఈలోగా ఏడాదికి 50 మంది ఫిలిపినోలకే ప్రవేశం. 1946 జులై 4న జెండా దిగింది. అదే ఏడాది వాణిజ్య చట్టం అక్కడి గనుల్లో, అడవుల్లో అమెరికన్లకు స్థానికులతో సమాన హక్కులు రాయించుకుంది. 1947లో 99 ఏళ్లకు స్థావరాల ఒప్పందం. పాలించే బాధ్యత పోయింది, కావలసినవన్నీ మిగిలాయి.

రెండో ప్రపంచ యుద్ధం తరువాతి కథ మనవాళ్లకు బాగా తెలిసిందే కాబట్టి త్వరగా దాటుతాను. 1944లో బ్రెటన్ వుడ్స్‌లో 44 దేశాలు డాలరును కొలబద్దగా ఒప్పుకున్నాయి. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాద్దెఘ్‌ను, 1954లో గ్వాటెమాలాలో అధ్యక్షుడు అర్బెంజ్‌ను సీఐఏ కూలదోసింది. అంతకుముందు ఒక్క బ్రిటిష్ కంపెనీదే అయిన ఇరాన్ చమురులో అమెరికన్ కంపెనీలకు 40 శాతం వచ్చింది. గ్వాటెమాలాలో యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికన్ కంపెనీ బీడు భూములు పేదలకు పంచడమే అర్బెంజ్ నేరం. లుండెస్టాడ్ చెప్పిన ఆహ్వానం మాట అబద్ధమేమీ కాదు. సోవియట్ సేనలు బెర్లిన్‌లో ఉన్నప్పుడు ఫ్రెంచివాళ్లు, ఇటలీవాళ్లు అమెరికా గొడుగు కోరుకున్నారు, మార్షల్ ప్రణాళిక కింద వచ్చిన సుమారు 1,300 కోట్ల డాలర్లతో నిలదొక్కుకున్నారు. కానీ ఆహ్వానానికి అసలు పరీక్ష పొమ్మన్నప్పుడే. 1991 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ సెనేట్ 12-11 ఓట్లతో స్థావరాల ఒప్పందాన్ని తిరస్కరిస్తే, మరుసటి ఏడు సుబిక్ బే ఖాళీ అయింది. గ్వాంటనామో ఖాళీ కాలేదు. ఒకే సామ్రాజ్యం, రెండు రకాల మర్యాద.

మన దాకా ఈ చెయ్యి చేరింది తిండి రూపంలో. 1954 నాటి పీఎల్ 480 చట్టం ముందు అమెరికా రైతుల గోదాముల్లో మురిగిపోతున్న ధాన్యాన్ని వదిలించుకునే ఉపాయం. 1956 నుంచి మనం ఆ గోధుమలకు రూపాయల్లోనే చెల్లించాం. 1965, 66 కరువుల్లో అధ్యక్షుడు జాన్సన్ ఓడల్ని నెలకింతని తానే కొలిచి వదిలాడు. వ్యవసాయ విధానం మార్చుకోమన్నాడు, వియత్నాం బాంబింగ్‌ను తప్పుపట్టడం మానమన్నాడు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాం. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలయింది. ఆ గోధుమలతోపాటే వయ్యారిభామ కలుపు వచ్చిందని రైతులు నేటికీ తిడతారు. అంతకు ముందే అది మన దేశంలో ఉందని వృక్షశాస్త్రవేత్తలు ఆధారాలు చూపిస్తారు గానీ, ఆ తిట్టులో కోపం నిజమే. పేరుకుపోయిన రూపాయల్లో 1,664 కోట్లకు 1974 ఫిబ్రవరిలో రాయబారి మొయినిహన్ ఒకే చెక్కు రాసి భారత ప్రభుత్వానికిచ్చి ఖాతా తేల్చాడు. అంతకుముందు అదే రూపాయలతో, 1962 నుంచి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. మన శాఖా గ్రంథాలయాల్లో చెదలు తిన్న తెలుగు నవలలూ పత్రికలూ అక్కడి బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. ఆకలికి అమ్మిన గోధుమల సొమ్ముతో మిగిలిన సాహిత్యం! దీన్ని ఏ ఖాతాలో రాయాలో నాకిప్పటికీ తేలలేదు.

తుపాకీ రూపం విశాఖ తీరంలో ఉంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రేవు దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అసలు పేరు డయాబ్లో. అమెరికా నౌకాదళం కోసం కట్టినది, 1964లో పాకిస్తాన్‌కు అరువిచ్చారు. రాజ్‌పుత్ నౌక ముంచిందని మనవాళ్లు, లోపలే పేలిందని వాళ్లు అంటారు. 90 మందికి పైగా నావికులతో అది ఇప్పటికీ అక్కడే పడి ఉంది. రెండు వారాలు తిరక్కుండా ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను నిక్సన్ బంగాళాఖాతంలోకి పంపాడు. ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది కాబట్టి అది చేసిందేమీ లేదు. ఆ కాలంలోనే హిందూ మహాసముద్రంలో, చాగోస్ దీవుల్లో ఒకటైన డీగో గార్సియాను మనుషుల్లేకుండా చేస్తున్నారు. 1966 ఒప్పందంలో బ్రిటన్ దీవినిచ్చింది, పొలారిస్ క్షిపణుల బాకీలో అమెరికా 1.4 కోట్ల డాలర్లు గుట్టుగా తగ్గించింది. 1968-73 మధ్య చాగోస్ దీవుల కొబ్బరి తోటల్లో బతికే 1,500 మందికి పైగా జనాన్ని ఓడలెక్కించి మారిషస్, సీషెల్స్‌లో దించేశారు. వాళ్ల కుక్కల్ని పోగేసి పొగపెట్టి చంపారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌ల మీదికి బాంబర్లు ఎగిరింది అక్కడ కట్టిన అమెరికన్ స్థావరం రన్‌వే నుంచే. ఓటడిగేవాళ్లు లేరు, ధర్నా చేసేవాళ్లు లేరు. 2025 మేలో బ్రిటన్, మారిషస్ సంతకాలు చేసిన ఒప్పందంలో కూడా ఆ ఒక్క దీవికి తిరిగెళ్లే వీలు చాగోస్ జనానికి పెట్టలేదు.

ఇప్పుడు చాలాచోట్ల ఓడల అవసరం కూడా లేదు. 2019 మేలో అమెరికా మినహాయింపు ఆపేస్తే మన రిఫైనరీలు ఇరాన్ చమురు కొనడం మానేశాయి. డాలరు లెక్కలు వాళ్ల బ్యాంకుల మీదుగా పోవాలి మరి. 2025 ఆగస్టు 27న భారత సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది, అందులో సగం రష్యా చమురు కొన్నందుకు జుర్మానా. తగిలింది భీమవరం, నెల్లూరు చెరువులకు. మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. చెరువుల్లో పెంచే వెనామీ కూడా అటువైపు జాతే. హేచరీల్లో సీడ్ తీసే తల్లి రొయ్యల్ని హవాయి నుంచీ తెప్పిస్తారు. విత్తనం అక్కడిది, సంత అక్కడిది, మధ్యలో మేత ఖర్చూ కరెంటు బిల్లూ వైరస్ భయం మాత్రం మన రైతువి. కాస్త అతిగా అంటున్నానేమో. ఈ చెరువుల మీద మేడలు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ అధికారం ఎవరి దగ్గరుందో రొయ్య రేటు పడిపోయిన రోజున తెలిసింది.

నేల మీద ఆశ చచ్చిపోయిందనుకుంటే అదీ లేదు. 2025 జనవరిలో ట్రంప్ ప్రమాణస్వీకార ప్రసంగంలోనే పనామా కాలువను వెనక్కి తీసుకుంటామన్నాడు. గ్రీన్‌లాండ్ కావాలని ఆయన అంతకు ముందునుంచే అంటున్నాడు. 1951 ఒప్పందం కింద అక్కడ అమెరికా స్థావరం ఎప్పటినుంచో ఉంది, సైన్యం అవసరాలకు కొత్తగా సొంతం చేసుకోవలసిన పని లేదు. 20 లక్షల చదరపు కిలోమీటర్లు దాటిన నేల, 60 వేలు కూడా లేని జనం. వాళ్లు వద్దంటున్నా బేరం ఆగలేదు. కలుపుకోమని అడుగుతున్నది ప్యూర్టో రికో. 30 లక్షలకు పైగా జనం, దాదాపు అందరూ అమెరికన్ పౌరులే. 2020 నవంబరు ఓటింగులో 52 శాతం మంది రాష్ట్ర హోదా కోరారు. దీవి తన హోదాను తానే ఎంచుకునే బిల్లును 2022 డిసెంబరులో ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్‌లో అది ఓటింగు దాకా రాలేదు.